మూడు పళ్ల లెక్క

చెయ్యంత లావున్న ఇనుప షాఫ్టుని అవలీలగా కోసేస్తుందా రంపం. అదే రంపం, రూపాయి బిళ్లంత మందం గోడ ఉన్న పైపు దగ్గరకొచ్చేసరికి బోర్లాపడుతుంది. పళ్లూడగొట్టుకుని ఆగిపోతుంది. ఎందుకలా? గాజువాక ఆటోనగర్ షెడ్లలో ఏ మేస్త్రిని అడిగినా ఒకటే జవాబు... 'పళ్లు లెక్కపెట్టలేదు కాబట్టి'!

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆటోనగర్‌లో ఓ చిన్న షెడ్డు. ఐటీఐ ఫిట్టరు కోర్సు పూర్తిచేసి నెలరోజుల కిందటే పనిలో చేరిన కుర్రాడు బ్యాండ్‌సా దగ్గర నిలబడ్డాడు. ఓ బడిలో సైకిల్‌స్టాండుకి పైకప్పు ఫ్రేము చేయాలి. రెండంగుళాల పైపులు, పదహారు గేజి. పొడవాటి పైపుల్ని ముక్కలు కోయడం అతని వంతు. వైస్‌లో పైపు బిగించాడు, స్విచ్చి నొక్కాడు. రంపం పైపుమీదకి దిగింది. మొదట్లో బాగానే తెగింది. సన్నటి రజను రాలుతోంది. 'ఇంతేనా' అనుకున్నాడు. పైపు సగానికి తెగిందో లేదో టకటకమని చప్పుడు. మిషను ఒక్క కుదుపు కుదిపింది. ఆపి చూస్తే, బ్లేడుకి జానెడు మేర పళ్లు లేవు!

మేస్త్రి లేచి వచ్చాడు.

''ఏటైనాదిరా?''

''పళ్లు ఊడిపోనాయి మేస్త్రిగారూ...''

''పొద్దున్న షాఫ్టు కోసిన బ్లేడేనేటి?''

''అవునండి. అంత షాఫ్టునే కోసీసింది కదా, ఈ పల్చటి పైపెంతలే అనుకున్నాను.''

మేస్త్రి తిట్టలేదు. పళ్లు పోయిన బ్లేడుని చేతిలోకి తీసుకుని, ''మందంగా ఉన్నదాన్ని కొయ్యడానికి బలం సాలు. పల్చనిదాన్ని కొయ్యాలంటే లెక్క తెలాల'' అన్నాడు.

ఆ కుర్రాడి పొరపాటు కొత్తదేం కాదు. బ్యాండ్‌సా ఉన్న ప్రతి షెడ్డులోనూ ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు చేసిందే. మంచి బ్లేడు ఖరీదు హెల్పరు ఒకరోజు కూలీని మించే ఉంటుంది. కానీ అసలు నష్టం అది కాదు. ఆ లెక్క తప్పితే పోయేదేంటో తెలియాలంటే ముందు ఆ పైపు సంగతి చూడాలి.

ఉక్కు ఊళ్లో పల్చటి పైపు

విశాఖ అంటేనే బరువైన పనులకు పెట్టింది పేరు. 1933లో ఓడరేవు మొదలైంది. 1941లో సింధియా షిప్‌యార్డుకి పునాది పడింది. అక్కడ తయారైన 'జలఉష' ఓడ 1948 మార్చిలో నెహ్రూ చేతుల మీదుగా నీళ్లలోకి దిగింది. ఆ షిప్‌యార్డే ఇప్పటి హిందుస్థాన్ షిప్‌యార్డు. 1957లో చమురుశుద్ధి కర్మాగారం వచ్చింది. 1966లో పెద్దపెద్ద పీడన పాత్రలూ ఉష్ణ వినిమయ యంత్రాలూ చేసే బీహెచ్‌పీవీ వచ్చింది. 'విశాఖ ఉక్కు- ఆంధ్రుల హక్కు' అన్న నినాదం మారుమోగాక 1971 జనవరి 20న ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. 1992 ఆగస్టు 1న అది జాతికి అంకితమైంది.

ఇంత ఇనుము చూసిన ఊరికి ఓ పల్చటి పైపు లెక్కా అనిపిస్తుంది. తమాషా ఏంటంటే, విశాఖ ఉక్కు కర్మాగారంలో తయారయ్యేవి కడ్డీలూ, తీగచుట్టలూ, రౌండ్లూ, యాంగిళ్లూ, చానళ్లలాంటివి. పల్చటి గోడ పైపుకి కావాల్సింది చదునుగా సాగదీసిన ఉక్కు పట్టీ. ఆ పట్టీని గుండ్రంగా వంచి, అంచులు రెండూ కలిపి కరెంటుతో అతికిస్తే పైపవుతుంది. ఆ పట్టీలు విశాఖ ఉక్కు మిల్లుల్లో తయారుకావు. అంటే ఉక్కునగరంలో ఇంటి గేటుకి వాడే గొట్టం, ఆ ఊరి ఉక్కుతో చేసింది కాదన్నమాట!

కానీ జనం చేతికి రోజూ తగిలేది ఆ పల్చటి పైపే. మెట్ల పక్కన రెయిలింగు, మేడమీద రేకుల షెడ్డు, బస్‌స్టాపులో కుర్చీ, ఆస్పత్రి మంచం, బడిలో బల్ల, బాల్కనీలో బట్టల స్టాండు... అన్నీ అవే. పద్నాలుగు గేజి అంటే గోడ మందం 2 మిల్లీమీటర్లు. పదహారు గేజి 1.6, పద్దెనిమిది 1.2, ఇరవై గేజి అయితే 0.9 మిల్లీమీటర్లే. గేజి అంకె పెరిగేకొద్దీ గోడ పల్చబడుతుంది. ఆరు మీటర్ల పైపుగా దుకాణంలో దొరుకుతుంది. దాన్ని కోసి అతికితేనే ఏదైనా వస్తువవుతుంది. అక్కడే మొదలవుతుంది రంపం పని.

పల్లకీ మోసే పళ్లు

పల్లకీని నలుగురు మోస్తుంటే ఒక్కొక్కరి మీదా పావు బరువే పడుతుంది. నడుస్తూ నడుస్తూ ముగ్గురు పక్కకు తప్పుకుంటే? మిగిలినవాడు కుప్పకూలతాడు. రంపం పళ్ల సంగతీ అంతే. రంపాన్ని కిందకి నొక్కే బరువుని, ఆ క్షణాన లోహంలో దిగి ఉన్న పళ్లన్నీ పంచుకుంటాయి. అందుకే కనీసం మూడు పళ్లయినా ఎప్పుడూ లోహంలో ఉండాలన్నది ఈ పనిలో మొదటి సూత్రం. ఆరు నుంచి పన్నెండు ఉంటే మరీ మంచిది.

మరి ఎన్ని ఉంటాయో ఎలా తెలుస్తుంది? బ్లేడు మీద అంగుళానికి ఎన్ని పళ్లో రాసి ఉంటుంది. అంగుళమంటే 25.4 మిల్లీమీటర్లు. దాన్ని పళ్ల సంఖ్యతో భాగిస్తే పంటికీ పంటికీ మధ్య దూరం వచ్చేస్తుంది. అంగుళానికి నాలుగు పళ్లయితే ఆ దూరం 6.35 మిల్లీమీటర్లు. ఆరయితే 4.2. పద్నాలుగు అయితే 1.8. ఇరవైనాలుగు అయితే ఒక మిల్లీమీటరుకి కాస్త ఎక్కువ.

షాఫ్టుకి పెద్ద పళ్లే కావాలి. నాలుగంగుళాల మందంలో పంటికి దొరికే రజను చాలా ఎక్కువ. అదంతా పళ్ల మధ్య సందులోనే సర్దుకోవాలి. సన్న పళ్ల బ్లేడు పెడితే సందులు నిండిపోయి, రంపం కోయడం మానేసి రాసుకుంటూ తిరుగుతుంది. అందుకే పొద్దున్న అంగుళానికి నాలుగైదు పళ్ల బ్లేడు పెట్టారు. అది సరైన పనే. మధ్యాహ్నం అదే బ్లేడుని 1.6 మిల్లీమీటర్ల గోడ మీదకి దించడమే తప్పు. పేలదువ్వెనతో చేయాల్సిన పనికి చిక్కుదువ్వెన వాడినట్లు! పంటికీ పంటికీ మధ్య అయిదారు మిల్లీమీటర్ల గుంత. అందులో 1.6 మిల్లీమీటర్ల గోడ మొత్తం దిగబడిపోతుంది. వెనకనుంచి వచ్చే పన్ను ఆ గోడను కోయదు, గుద్దుకుంటుంది. గోతిలో పడ్డ చక్రంలాగే. ఒక పన్ను విరిగితే గుంత ఇంకా పెద్దదవుతుంది. దాంతో తర్వాతి పన్నూ, ఆ తర్వాతిదీ... జానెడు మేర పళ్లు పోవడానికి రెండు క్షణాలు చాలు.

నడిమధ్యలోనే గండం

అయితే మొదట్లో ఎందుకు తెగింది? కుర్రాడి సందేహం అదే. జవాబు పైపు గుండ్రంలో ఉంది.

రెండంగుళాల పైపు, అంటే దాదాపు 50 మిల్లీమీటర్ల గుండ్రం. రంపం పైనుంచి దిగేటప్పుడు గోడను అడ్డంగా కాదు, పొడవునా తాకుతుంది. దోసకాయ తొక్క తీసేటప్పుడు కత్తి ఎంత మేర ఆనుతుందో చూడండి, అలాగన్నమాట. పై గోడ పూర్తిగా తెగే సమయానికి రంపం ఆనే పొడవు 17 మిల్లీమీటర్లకు పైనే. పెద్ద పళ్ల బ్లేడుకైనా అక్కడ మూడు నాలుగు పళ్లు ఆనతాయి. అంతా సవ్యంగానే ఉన్నట్లు కనిపిస్తుంది. కిందకి దిగేకొద్దీ ఆనే పొడవు తగ్గుతూ వస్తుంది. సరిగ్గా నడుమకొచ్చేసరికి అటు 1.6, ఇటు 1.6... మొత్తం 3.2 మిల్లీమీటర్లే! పైనుంచి నొక్కే బరువు మాత్రం తగ్గలేదు. అంటే ఒక్కో పంటి మీదా భారం అయిదు రెట్లు దాటిపోతుంది.

పద్నాలుగు పళ్ల బ్లేడు పెట్టినా నడుమ దగ్గర గోడలో ఒక పన్ను పూర్తిగా ఆనదు. ఇరవైనాలుగు పళ్లదైతే ఒకటో రెండో ఆనతాయి. నిజానికి ఇంత పల్చటి గోడలో మూడు పళ్ల సూత్రాన్ని నూటికి నూరుపాళ్లు పాటించడం ఏ బ్లేడుకీ తేలిక కాదు. ఆ లోటుని చేతి ఓపికతో పూడ్చాలి. రంపం కిందకి దిగే వేగాన్ని అదుపుచేసే చిన్న వాల్వు మిషనుకి ఉంటుంది. అనుభవం ఉన్నవాళ్లు నడుమ దగ్గర దాన్ని బిగిస్తారు. చివర్లో మళ్లీ జాగ్రత్త. ఆఖరి గోడ తెగబోతుండగా రంపం ఒక్కసారిగా జారిపడితే ముక్క చిరిగి, అంచున నాలుకలాంటి తునక మిగిలిపోతుంది.

చదరపు బాక్సు పైపు అయితే గండం ఇంకా పెద్దది. బల్లపరుపుగా పెడితే పై గోడ 50 మిల్లీమీటర్ల పొడవునా ఒకేసారి రంపానికి తగులుతుంది. పద్నాలుగు పళ్ల బ్లేడులో ఇరవైఏడు పళ్లు కలిసి మోస్తాయి. అది తెగిన మరుక్షణం మిగిలేది పక్క గోడలు రెండే. మొత్తం బరువు ఒకటి రెండు పళ్ల మీద పడుతుంది. అందుకే కొందరు మేస్త్రులు బాక్సు పైపుని మూల పైకి వచ్చేలా, గాలిపటంలా నిలబెడతారు. దాన్ని పట్టుకోవడానికి వైస్‌లో వి-ఆకారపు దిమ్మెలు పెడతారు. అప్పుడు గోడలన్నీ ఏటవాలుగా తెగుతాయి. 1.6 మిల్లీమీటర్ల గోడ రంపానికి 2.3 మిల్లీమీటర్లలా అనిపిస్తుంది. పైనుంచి కింది దాకా భారం దాదాపు ఒకేలా ఉంటుంది. యాంగిల్ ముక్కనూ అంతే, ఇంటి కప్పులా బోర్లించి కోయాలి.

కెరటంలాంటి పళ్లు

పల్చటి పైపుల కోసం వచ్చే బ్లేడుని వేలితో తడిమితే కాదు కానీ, వెలుతురులో పట్టుకుని పైనుంచి చూస్తే ఓ విచిత్రం కనిపిస్తుంది. పళ్లు నిటారుగా ఉండవు. కొన్ని కుడికి, కొన్ని ఎడమకి మెల్లగా వంగుతూ సముద్రపు కెరటంలా సాగుతాయి. ఒక్కసారిగా కాకుండా కొంచెం కొంచెంగా వంగడంవల్ల పల్చటి గోడకు పన్ను తగులుకోకుండా జారిపోతుంది. కొన్ని బ్లేడుల్లో పళ్ల మధ్య దూరం కూడా ఒకేలా ఉండదు. కాస్త దగ్గరగా, కాస్త దూరంగా మారుతూ ఉంటుంది. అన్నీ సమానంగా ఉంటే పల్చటి గొట్టం ఒక లయలో అదరడం మొదలెడుతుంది. వీధి చివరిదాకా వినిపించే కీచు చప్పుడు ఆ అదురుదే. దూరాలు మారుతుంటే లయ కుదరదు, చప్పుడూ తగ్గుతుంది.

బ్లేడు వెన్ను స్ప్రింగు స్టీలు. చక్రాల చుట్టూ వేలసార్లు వంగినా విరగకూడదు కదా. పళ్ల అంచు మాత్రం కోబాల్టు కలిసిన హైస్పీడ్ స్టీలు. ఈ రెండింటినీ ఎలక్ట్రాన్ కిరణంతో అతికిస్తారు. వెన్నుకి వంగే గుణం, పంటికి కోసే గుణం. రెండూ ఒకే లోహానికి ఉండవు కాబట్టి ఈ జోడింపు.

కొత్త బ్లేడు పదును మరీ సూదిలా ఉంటుంది. మొదటి కొన్ని కోతలు సగం ఒత్తిడితో కానిస్తే పంటి కొన కాస్త నునుపుదేలి ఎక్కువ కాలం నిలుస్తుంది. తొందరపడితే ఆ సూది మొనలు అక్కడికక్కడే రాలిపోతాయి. కొత్త కోడలికి మొదటిరోజే ఇంటిపనంతా అప్పజెప్పకూడదని పెద్దలు ఊరికే అన్నారా!

అతుకు కనిపెట్టిన ఫ్రెంచి మహిళ

ఇంగ్లండులో విలియం న్యూబెరీ 1809లోనే బ్యాండ్‌సా ఆలోచనకు పేటెంటు తీసుకున్నాడు. కానీ చాలా ఏళ్లపాటు అది పెద్దగా పనికిరాలేదు. కారణం ఒక్కటే. పట్టీ రెండు కొసలనీ కలిపి వలయంగా చేస్తే ఆ అతుకు దగ్గర పుటుక్కున తెగిపోయేది. చక్రాల మీద వంగుతూ తిరిగే ఒత్తిడికి అప్పటి అతుకులు నిలిచేవి కావు. 1846లో ఫ్రాన్సుకు చెందిన ఆన్ పౌలిన్ క్రెపాన్ అనే మహిళ, అలా తెగకుండా ఉండే అతుకు పద్ధతిని రూపొందించి పేటెంటుకు దరఖాస్తు చేసింది. ప్యారిస్‌లోని పెరాన్ కంపెనీ ఆ హక్కులు కొని, మెరుగైన ఉక్కుతో బ్లేడులు చేయడం మొదలుపెట్టాక బ్యాండ్‌సాకి ప్రాణమొచ్చింది. అంటే ఈ రంపాన్ని బతికించింది పన్ను కాదు, అతుకు!

ఆ మాట సైకిల్‌స్టాండు ఫ్రేముకీ వర్తిస్తుంది. కాస్త ఆగితే అక్కడికే వద్దాం.

తుపాను వేగం, నడక వేగం

'ఇంత లెక్క ఎందుకు? కటింగ్ చక్రంతో కోసేస్తే పోలా' అంటారు చాలామంది. రోడ్డుపక్క గ్రిల్లు షాపుల్లో నిప్పురవ్వలు చిమ్ముతూ తిరిగేది అదే. 14 అంగుళాల చక్రం నిమిషానికి 3,800 చుట్లు తిరిగితే దాని అంచు వేగం సెకనుకు 70 మీటర్లు. అంటే గంటకి దాదాపు 250 కిలోమీటర్లు. హుద్‌హుద్ గాలిలాంటి వేగం! ఆ వేగానికి పుట్టే వేడికి పల్చటి గోడ నీలంగా కమిలిపోతుంది. అంచున మందపాటి బర్రు పేరుకుంటుంది. జింకు పూత పైపు అయితే పూత కాలి పొగ వస్తుంది. చక్రం మందం మూడు మిల్లీమీటర్లనుకుంటే, వంద కోతలకు 30 సెంటీమీటర్ల పైపు నిప్పురవ్వలై ఎగిరిపోతుంది.

బ్యాండ్‌సా కోత మందం అందులో దాదాపు సగమే ఉంటుంది. మామూలు ఇనుము పైపుకి బ్లేడు వేగం సుమారుగా నిమిషానికి 60 నుంచి 80 మీటర్లు. సెకనుకి మీటరు పైచిలుకు. పొద్దున్నే ఆర్కే బీచ్‌లో వాకింగ్ చేసే మనిషి వేగం! అందుకే పైపు వేడెక్కదు. పైనుంచి సొల్యుబుల్ ఆయిల్ కలిపిన నీళ్లు సన్నగా పడుతుంటే పంటికీ చల్లదనం. చమురు, గ్యాసు ఉండే చోట నిప్పురవ్వ ఎగిరే ఏ పనికైనా ముందు అనుమతి తీసుకోవాల్సిందే. ఓడలూ చమురు ట్యాంకులూ ఉన్న ఊరికి ఇలాంటి చల్లని కోత విలువ వేరే చెప్పక్కర్లేదు.

ఉప్పుగాలికి ఇనుము తుప్పు పడుతుందని ఇప్పుడు చాలామంది స్టెయిన్‌లెస్ స్టీలు రెయిలింగులు పెట్టిస్తున్నారు. దానిది మరో పేచీ. వేగం సగానికి తగ్గించాలి. కానీ భయపడి మరీ తేలిగ్గా ఆనిస్తే పన్ను కోయకుండా రాసుకుంటుంది. రాసుకున్న చోట ఆ లోహం ఇంకా గట్టిపడిపోతుంది. తర్వాత ఏ పన్నూ దిగదు. అందుకే మెల్లగానే అయినా, ఆపకుండా కోయాలి. కోత సరిగ్గా ఉందో లేదో రజను చెప్పేస్తుంది. చిన్నచిన్న చుట్టలుగా రాలితే సరి. పొడిలా రాలితే ఒత్తిడి చాలలేదు. నీలంగా కమిలి రాలితే ఎక్కువైంది.

వంకర కోత... వట్టి అతుకు

ఇక అసలు నష్టం సంగతి. పళ్లు సగం అరిగిన బ్లేడు, వదులుగా ఉన్న బ్లేడు నిటారుగా దిగదు. పక్కకి లాగుతుంది. కోత వంకరవుతుంది. వైస్ మరీ బిగిస్తే పల్చటి పైపు గుండ్రం పోయి కోడిగుడ్డు ఆకారంలోకి మారుతుంది. అలాంటి ముక్కను ఇంకో పైపు మీద ఆనిస్తే ఒకవైపు అంటుకుంటుంది, మరోవైపు సందు మిగులుతుంది.

మందపాటి ఇనుమైతే ఆ సందుని వెల్డింగుతో నింపేయొచ్చు. 1.6 మిల్లీమీటర్ల గోడ ఆ వేడికి ఆగదు. సందు నింపబోతే అంచు కరిగి బొక్క పడుతుంది. బొక్క పూడ్చబోతే చుట్టూ ఇంకా పల్చబడుతుంది. చివరికి పైకి ఉబ్బెత్తుగా, గట్టిగా కనిపించే ఓ ముద్ద తయారవుతుంది. రంగు వేశాక ఎవరికీ తెలియదు. లోపల పట్టు ఉండదు.

ఆ సంగతి బయటపడేది గాలి వీచినరోజే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు ఊళ్లో ఎన్ని రేకుల కప్పులు లేచిపోయాయో చూసినవారెవరూ మరిచిపోలేరు. అంత గాలికి మంచి కట్టడాలూ నిలవలేదు, నిజమే. కానీ కప్పు కింద గాలి దూరి పైకి లేపేటప్పుడు ఆ లాగుడంతా మొదట పడేది అతుకుల మీదే. వట్టి అతుకుకి తుపాను దాకా అక్కర్లేదు, మామూలు ఈదురుగాలే చాలు. సైకిల్‌స్టాండు కింద నిలబడేది పిల్లలు. మేస్త్రి కుర్రాణ్ని తిట్టకుండా కూర్చోబెట్టి లెక్క చెప్పింది బ్లేడు ఖరీదు గురించి కాదు, అందుకు.

పట్టులోనే ఉంది పనితనం

పల్చటి పైపుని బిగించడమూ ఓ విద్యే. గుండ్రానికి సరిపడేలా చెక్కదిమ్మెల్ని తొలిచి వైస్ దవడలకు వేస్తే ఒత్తిడి ఒకచోటే పడదు. మరీ పల్చనిదైతే పైపు లోపలికి బిర్రుగా పట్టే కర్రముక్క దూర్చి, కర్రతో సహా కోసేస్తారు. రేకు కోయాలంటే రెండు ప్లైవుడ్ ముక్కల మధ్య అప్పడంలా పెట్టి మూడింటినీ కలిపి కోస్తారు. రేకు అదరదు, అంచు చిరగదు. పైపు రెండో కొస గాల్లో వేలాడకుండా స్టాండు పెట్టాలి. బ్లేడుని పట్టి ఉంచే గైడ్లు పైపుకి వీలైనంత దగ్గరగా జరపాలి.

చేతులు భద్రం. మిషను తిరుగుతున్నప్పుడు చేతికి గ్లవుసులు వద్దు. గుడ్డకొస పంటికి చిక్కితే చెయ్యి వెంట వెళ్లిపోతుంది. కళ్లకి అద్దాలు తప్పనిసరి. రజనుని వేళ్లతో కాదు, బ్రష్షుతో తుడవాలి. బ్లేడు మార్చేటప్పుడు ముందు ప్లగ్గు పీకేయాలి. చుట్టచుట్టి ఉన్న బ్లేడు విప్పగానే పాములా ఎగిరి విచ్చుకుంటుంది. అప్పుడు మాత్రం గ్లవుసులు ఉండాలి. కోసిన పైపు అంచు కత్తికన్నా పదును. ఆకురాయితో లోపలా బయటా ఒక్కసారి రాస్తేగానీ ఎవరి చేతికీ ఇవ్వకూడదు.

ఇంట్లో కోయాలంటే...

కర్టెన్ రాడ్డో, పాత కుర్చీ కాలో ఇంట్లో కోయాల్సి వస్తే బ్యాండ్‌సా ఉండదు కదా. మామూలు హాక్సాకీ ఇదే లెక్క. చేతి హాక్సా బ్లేడుల్లో పంటికీ పంటికీ మధ్య దూరం 1.8, 1.4, 1.0, 0.8 మిల్లీమీటర్లు ఉండే రకాలున్నాయి. ఐటీఐ ఫిట్టరు కోర్సులో మొదట్లో నేర్పే పాఠాల్లో ఇదొకటి. పల్చటి పైపుకి 0.8ది తీసుకోండి. దుకాణంలో 'అంగుళానికి ముప్ఫైరెండు పళ్లది' అని అడిగితే ఇస్తారు. కోసేచోట చుట్టూ టేపు అంటిస్తే గీత సూటిగా వస్తుంది. పైపుని ఒకేవైపు నుంచి కిందిదాకా కోయకుండా, గోడ తెగగానే కాస్త తిప్పి మళ్లీ కోస్తుంటే పన్ను చిక్కుకోదు.

ఆటోనగర్ షెడ్డులో సాయంత్రమైంది. కుర్రాడు సన్న పళ్ల బ్లేడు ఎక్కించాడు. పాత కోతలోకి రంపం దించబోతుంటే మేస్త్రి ఆపాడు. ''ఊడిన పళ్ల ముక్కలు అందులోనే ఉంటాయిరా. అవి తగిల్తే కొత్త బ్లేడూ పోద్ది. పైపు జరిపి కొత్తగా ఎట్టు.'' కుర్రాడు పైపు జరిపాడు. చెక్కదిమ్మెల మధ్య బిగించాడు. వాల్వు తిప్పి రంపాన్ని నెమ్మదిగా దించాడు. నడుమ దగ్గరకొచ్చేసరికి అతని చెయ్యి తనంతట తానే వాల్వు మీదకి వెళ్లింది. చప్పుడు మారలేదు. ముక్క తెగి స్టాండు మీద పడింది.

మేస్త్రి దాన్ని తీసి బల్లమీద నిలువుగా నిలబెట్టాడు. కదలకుండా నిటారుగా నిలబడింది. ఏమీ అనలేదు. తన స్టూలు దగ్గరకెళ్లి కూర్చున్నాడు. కుర్రాడు రెండో పైపు అందుకున్నాడు.